వెరిఫికేషన్ ఆయనకి పెసరట్టు

పోయిన నెల ఒక బుధవారం నా కోసం ఇద్దరొచ్చేరండి. ఒకాయన ఫోన్లో వచ్చేరు, ఇంకొకాయన బండి మీద వచ్చేరు. ఒకాయన్ని నోటికొచ్చినట్టు తిట్టేను. ఇంకొకాయనకి అల్లప్పచ్చడి వేసి పెసరట్లు పెట్టేను. అక్కడే వచ్చింది తంటా! నేను తిట్టినాయనకి పెట్టాలి. మరి పెట్టినాయన్ని తిట్టాలా అంటే, ఆయన్నీ తిట్టకూడదనుకోండి, పాపం మంచాయన. మొత్తానికి అటుది ఇటూ ఇటుది అటూ అయిపోయి నా ఉద్యోగం ఊడినంత పనైంది. ఇంకా చేరనే లేదు, అప్పుడే ఊడబోయిందన్నమాట!

సంగతేంటంటే, మా మామిడికుదురులో ఒక ప్రైవేటు స్కూల్లో తొమ్మిదేళ్ళు ఆఫీసు క్లర్కుగా చేసేనండి నేను. ఫీజులు కట్టించుకోవడం, రసీదులు రాయడం, లేటైతే ఫైను వెయ్యడం. ఒక్క రోజు లేటైనా ఫైనే. ఎవరి మొహమూ చూసేదాన్ని కాదు. "గడువంటే గడువేనండి, గుర్తు పెట్టుకోవాలి కదండీ" అని కొందరికి క్లాసు కూడా పీకేదాన్ని. పిల్లలు తగ్గిపోయి, ఎండాకాలంలో ఆ స్కూలు మూసేసేరు. మా ఆయనేమో తాటిపాకలో గ్యాసు పనులు చేసే ఒక కాంట్రాక్టరు దగ్గర ఎలక్ట్రీషియను. పనున్న నెల ఉన్నట్టు, లేని నెల లేనట్టు. నా జీతం ఆగిపోయేసరికి ఇల్లు కుంటుకుంటూ నడుస్తోంది. మా పిన్నిగారమ్మాయి కువైట్లో ఉంటుంది. "అక్కా, ఇక్కడ పిల్లల్ని చూసుకునే పనుంది, రెండేళ్ళు వచ్చెయ్" అని వారానికోసారి ఫోను. రెండేళ్ళంటే మాటలా అండీ? మా పాప ఆరో క్లాసు. తల్లి లేకుండా అది జడ కూడా వేసుకోలేదు.

అలాంటప్పుడు తెలిసింది, అమలాపురంలో కొత్తగా నగల షోరూమొకటి తెరుస్తున్నారని, క్యాష్ కౌంటర్లోకి ఆడవాళ్ళు కావాలని. పొద్దున్నే బస్సెక్కి వెళ్ళేను. ఇంటర్వ్యూ చేసిన మేనేజరు మేడమ్ చాలా నెమ్మదస్తురాలు. కళ్ళద్దాలు కిందకి దించి నా సర్టిఫికెట్లు చూసేరు, రెండు పెద్ద కూడికలు ఇచ్చేరు, కాలిక్యులేటరు ముట్టుకోకుండా చేసేసేను.

"బాగుందండి. ఇంచుమించు సెలక్టయినట్టే. వెరిఫికేషన్ ఒక్కటే మిగిలింది. మీ క్రెడిట్ హిస్టరీ కూడా చూస్తారు" అన్నారు.

"అంటేనండి?"

"మీ పేరు మీద అప్పులేమున్నాయి, వాయిదాలు సరిగ్గా కడుతున్నారా లేదా అని. రోజూ లక్షల్లో క్యాష్ మీ చేతుల మీంచి వెళ్తుంది కదండీ. ఈ మధ్య మా కంపెనీలో అందరికీ చూస్తున్నారు."

నేను నవ్వేనండి. ఎంత ధీమాగా నవ్వేననుకున్నారు! "మేడమ్‌గారూ, అప్పనే మాట మా ఇంట్లో వినపడదండి. నిక్షేపంగా చూసుకోండి" అనేసి వచ్చేను.

ఇంటికొచ్చి చెప్తే మా ఆయన అన్నం కలుపుతూ ఆగిపోయేరు.

"అప్పుంటే ఉద్యోగం ఇవ్వరా? ఇదెక్కడి న్యాయమే! అప్పున్నవాళ్ళకే కదా ఉద్యోగం కావాలి! అప్పూ లేకుండా, డబ్బుకి లోటూ లేకుండా ఉంటే వాళ్ళ కౌంటర్లో పొద్దున్నించీ రాత్రిదాకా ఎవరు కూర్చుంటారు?"

"ఆ మాట అమలాపురంలో అనకండి. మనకా గొడవ లేదు కదా."

"మనకి లేదులే" అన్నారాయన.

ఇద్దరం ఒక్కలాగే అనుకున్నాం చూడండి. అదీ మా ఇంటి గొప్పతనం.

ఇక వెరిఫికేషనంటే ఏం చేస్తారో మాకు చెప్పింది మా అత్తయ్యగారు. ఎప్పుడో ఆవిడ తమ్ముడు మస్కట్ వెళ్ళేటప్పుడు పాస్‌పోర్టు ఎంక్వైరీకి మనిషొచ్చేడట. ఆవిడకి తెలిసిన వెరిఫికేషన్ అదొక్కటే. "ఇంటికొస్తారే అమ్మాయ్. గడప చూస్తారు, గోడ చూస్తారు, పక్కవాళ్ళనడుగుతారు. మనం మర్యాద చేసి పంపితే మంచిగా రాసుకుని వెళ్తారు. ఆ రోజు మా తమ్ముడికి ఎంక్వైరీ అంతా మా అమ్మ చేతి గారెల మీదే నడిచింది" అన్నారు. నాకూ నిజమేననిపించింది. పైగా మేడమ్ 'చూస్తారు' అన్నారు కదా. చూడ్డానికి మనిషి రావాలి కదండీ మరి!

వెరిఫికేషన్ బుధవారమో గురువారమో అని మేడమ్ అన్నారు కాబట్టి మంగళవారమే ఇల్లంతా కడిగేసేను. మా ఆయన ఫ్యాను రెక్కలు తుడిచి, పని చెయ్యని స్విచ్చికి టేపేసి డ్యూటీకి వెళ్ళిపోయేరు. పెసలు నానబెట్టేను. బుధవారం పొద్దున్నే అత్తయ్యగారు జరీ అంచు చీర కట్టుకుని వీధి అరుగు మీద కూర్చున్నారు.

"మీరు ఎక్కువ మాట్లాడకండి అత్తయ్యగారూ. మా కోడలు బంగారం అని ఒక్క మాట చెప్పండి చాలు."

"ఎన్ని సార్లు చెప్పమంటావు?" అనడిగేరావిడ. సీరియస్‌గానే అడిగేరు.

ఇక్కడ ఇంకో ముక్క చెప్పాలి. ముందటి వారమే మా డ్వాక్రా మీటింగుకి ఒక లేడీ పోలీసు వచ్చి సైబర్ దొంగల గురించి గంటసేపు చెప్పింది. "పాన్ నంబరడిగినా, ఓటీపీ అడిగినా వాడు దొంగేనని రాసిపెట్టుకోండి" అని. చివర్న అర్థమైంది చెప్పమంటే మైకు తీసుకుని అందరి ముందూ చెప్పింది నేనే! చప్పట్లు కూడా కొట్టేరు. నేను అంతకు ముందే ఈ విషయంలో ఆరితేరేను లెండి. మూడు నెలల నించీ ఎవరెవరో కొత్త నంబర్లతో ఫోన్ చేసి "సునీతగారేనా అండీ, మీ వాయిదా..." అని మొదలెట్టేవారు. వాయిదా అన్న మాట పూర్తవకుండానే కట్ చేసి బ్లాక్ కొట్టేదాన్ని. అలాగ పదిహేను నంబర్లు! మా వీధిలో ఎవరికి అనుమానం ఫోనొచ్చినా నా దగ్గరకే వచ్చేవారంటే చూసుకోండి.

బుధవారం పదకొండు గంటలయింది. మనిషి రాలేదు. ఫోనొచ్చింది.

"హలో, సునీతగారేనా మేడమ్? నా పేరు కార్తీక్. వెరిఫికేషన్ సర్వీసెస్ నుంచి మాట్లాడుతున్నాను. మీ ప్రొఫైల్ మా దగ్గరకి వచ్చింది మేడమ్. క్రెడిట్ చెక్ కోసం మీ పాన్ నంబర్ చెప్పగలరా?"

నగల షోరూమన్న మాట లేదు, అమలాపురమన్న మాట లేదు. ఎక్కడి సర్వీసెస్సో, ఏమిటో! పాన్ నంబరనగానే నా బుర్రలో సైరను మోగింది. అత్తయ్యగారికి సైగ చేసేను, దొంగ దొరికేడని. రికార్డింగ్ నొక్కేను.

"ఆయ్, చెప్తాను బాబూ. కాసేపు లైన్లో ఉండండి, కార్డు తెస్తాను" అని ఫోను మిక్సీ పక్కన పెట్టి రెండు వాయిలు పెసరపిండి రుబ్బేను. మళ్ళీ తీస్తే ఉన్నాడండి! "హలో మేడమ్, ఏదో సౌండ్ వస్తోంది" అంటున్నాడు.

"ఆ, కార్డు దొరికింది. రాసుకోండి బాబూ. డి ఫర్ దొంగ."

"ఓకే మేడమ్."

"వి ఫర్ వెధవ. ఎస్ ఫర్ సన్నాసి. పి ఫర్ పనికిమాలినోడు. కె ఫర్ కేడీ."

పాపం ఆ అబ్బాయి ధ్యాసంతా కీబోర్డు మీద ఉన్నట్టుంది. టకటకా కొడుతున్న చప్పుడు వినపడుతోంది. "కన్ఫర్మ్ చేస్తున్నాను మేడమ్. డి ఫర్ దొంగ, వి ఫర్ వెధవ, ఎస్ ఫర్ సన్నాసి, పి ఫర్ పని... మేడమ్?"

"చెప్పండి బాబూ, బాగానే చెప్తున్నారు!"

అత్తయ్యగారు చెంగు నోట్లో కుక్కుకుని నవ్వుతున్నారు. ఆ అబ్బాయి మళ్ళీ మర్యాదగానే, "మేడమ్, పాన్ నంబర్ తర్వాత చూద్దాం. మీ మొబైల్‌కి ఒక ఓటీపీ పంపిస్తున్నాను, అది చెప్తే సరిపోతుంది" అన్నాడు.

వచ్చేసింది ఓటీపీ! ఇక నన్నెవరాపుతారు? "రాసుకోండి. మొదటి రెండంకెలూ మా అత్తయ్యగారి వయసు. ఉండండి, కనుక్కుంటాను. అత్తయ్యగారూ, మీకెన్నేళ్ళు? ఆవిడకి సరిగ్గా తెలియదట బాబూ. పోనీ కొబ్బరికాయ ధరతో మొదలెడదాం, ఎన్ని కాయలు కావాలేంటి?"

"మేడమ్, ప్లీజ్. టైమ్ అయిపోతే మళ్ళీ పంపించాలి."

"మీకు తల్లీ తండ్రీ లేరా అండీ? ఇంత మర్యాదగా మాట్లాడతారే, ఆ మర్యాదేదో మంచి పనికి వాడుకోవచ్చు కదండీ! రెండు చేతులూ ఉన్నాయి కదా, కొబ్బరికాయలు ఒలిచినా రోజు గడుస్తుంది కదండీ! సిగ్గులేదటండీ ఆడవాళ్ళకి ఫోన్లు చేసి డబ్బులు కొట్టెయ్యడానికి? ఏదైనా ఉద్యోగం చేసుకుని బతకండి!"

"నేను ఉద్యోగమే చేస్తున్నాను మేడమ్..." అన్నాడు, దాదాపు ఏడుపు గొంతుతో.

"ఇదీ ఒక ఉద్యోగమేనటండీ!" అని కట్ చేసి, బ్లాక్ కొట్టి, చూసుకుంటే మొత్తం ఇరవైమూడు నిమిషాలు. వెంటనే ఆ రికార్డింగు మా డ్వాక్రా గ్రూపులోనూ, పాత స్కూలు స్టాఫు గ్రూపులోనూ పెట్టేసేను. పైన ఒక లైను కూడా రాసేను: 'సైబర్ దొంగకి ఎలా బుద్ధి చెప్పాలో వినండి.' నిమిషంలో దణ్ణాలు, చప్పట్లు, పువ్వులు. మా పాత హెడ్మాస్టరుగారైతే 'శభాషమ్మా' అని పెట్టేరు. తొమ్మిదేళ్ళలో ఆయన నన్ను శభాషన్నది ఆ ఒక్కసారే.

ఆ ఆనందంలో ఉండగానే వీధిలో బండాగింది. నలభై ఐదేళ్ళ మనిషి, టక్కు చేసుకుని, భుజానికి బ్యాగు, చేతిలో ఫైలు. హెల్మెట్ తీసి చెమట తుడుచుకుంటూ, కొంచెం గట్టిగా, "సునీతగారిల్లు ఇదేనా అండీ?" అన్నారు.

"ఆయ్, ఇదేనండి! రండి, రండి! మీ కోసమే పొద్దున్నించీ ఎదురుచూస్తున్నాం. ఇంతాలస్యమైందేంటండీ?"

ఆయన ఒక అడుగు వెనక్కి వేసేరు. వెనకాల ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూసుకున్నారు కూడాను. "నా కోసమేనా అండీ?" అన్నారు.

"మీ కోసమేనండి. ఫ్యాను కింద కూర్చోండి. మీరొచ్చిన పని మాకు తెలుసు కదండీ."

"తెలుసా అండీ?" అని ఆయన మొహం వెలిగిపోయింది. "హమ్మయ్య. మీలాంటివాళ్ళు ఉండరండి" అంటూ చెప్పులు విడిచి లోపలికొచ్చేరు. పేరు రాంబాబుగారట, ఊరు కొత్తపేట అవతలట.

మంచినీళ్ళిచ్చేను. పెసరట్టు వేసేను, వద్దంటున్నా ఇంకోటి వేసేను. ఆయన తింటుంటే అత్తయ్యగారు ఎదురుగా కూర్చుని తన పాఠం మొదలెట్టేరు. "మా కోడలు బంగారం బాబూ." ఆయన తలూపేరు. "బంగారం." మళ్ళీ ఊపేరు. మూడోసారి ఆవిడ నోరు తెరిచేసరికి నేను చట్నీ గిన్నె అడ్డం పెట్టేను.

రాంబాబుగారు చుట్టూ చూసేరు. పెరటి గుమ్మం పక్కనున్న వాషింగ్ మెషీన్ మీద ఆయన చూపు ఆగిపోయింది.

"మెషీన్ బాగా పనిచేస్తోందాండీ?"

ఇంటి పరిస్థితి అంచనా వేస్తున్నారు కాబోలనుకున్నాను. "భేషుగ్గా పనిచేస్తోందండి! చూపించమంటారా?" అని నాలుగు తువ్వాళ్ళు పడేసి స్విచ్చి వేసేను. అది గుయ్యిమంటూ తిరిగింది. ఆయన పెసరట్టు ముక్క చేత్తో పట్టుకుని లేచొచ్చి, ఎడం చేత్తో దానికి ఒక ఫొటో తీసుకున్నారు. ఫైల్లో రాసుకున్నారు. నాకు లోపల ఎంత పొంగిపోయిందో!

ఆయన కూర్చుని, కాస్త మొహమాటంగా, "మరి... ఆ బాకీ విషయం మాట్లాడుకుందామాండీ?" అన్నారు.

ఈయన క్రెడిట్ హిస్టరీలోకి దిగేరనుకున్నాను. అత్తయ్యగారు అదే సమయానికి "బాబు వెళ్ళేటప్పుడు నాలుగు కొబ్బరి బొండాలు ఇద్దామే, దింపించుకొస్తాను" అని పక్కింటి దొడ్లోకి వెళ్ళేరు. నేను ఊపిరి పీల్చుకుని నా ఉపన్యాసం ఎత్తుకున్నాను.

"రాంబాబుగారూ, నేను ఒక్కటే చెప్తానండి. మా ఇంట్లో పైసా అప్పు లేదు. ఉంచం. అసలు మా పేరు చెప్పి అప్పుందంటూ దొంగలు ఫోన్లు చేస్తున్నారండి! రోజుకో కొత్త నంబరు. వాయిదా, వాయిదా అంటారు. ఊరుకుంటానా? ఇప్పటికి పదిహేను నంబర్లు బ్లాక్ చేసేను!"

రాంబాబుగారి నోట్లో ముద్ద అక్కడే ఆగిపోయింది. కష్టపడి మింగి, రెండు గుక్కల నీళ్ళు తాగేరు.

"ఆ పదిహేనులోనూ తొమ్మిది మావేనండి" అన్నారు.

"మీవంటే?"

"నావి మూడు నంబర్లండి. మిగతావి ఆఫీసువి."

మెషీన్ గుయ్యిమంటూనే ఉంది. నేను దాన్నీ ఆయన్నీ మార్చి మార్చి చూసేను.

"మీరు... వెరిఫికేషన్ కాదా అండీ?"

"కాదండి. రికవరీ అండి."

అప్పుడు నెమ్మదిగా, పసిపిల్లకి చెప్పినట్టు చెప్పేరాయన. ఆ వాషింగ్ మెషీన్ వాయిదాల్లో కొన్నది నా పేరు మీద. సంతకం నాదే. పన్నెండు వాయిదాలు. నేను పదనుకున్నాను! ఆ డబ్బు స్కూలు జీతం పడే ఖాతాలోంచి దానంతటదే కట్టయిపోయేది. స్కూలు మూసేసేరు, జీతం ఆగింది, ఖాతా ఖాళీ అయింది. మెషీన్ అప్పు తీరిపోయిందన్న ధైర్యంతో ఆ ఖాతా మొహం నేను మళ్ళీ చూళ్ళేదు. చివరి రెండు వాయిదాలూ తప్పేయి. బ్యాంకు మెసేజిలొస్తే అవీ దొంగ మెసేజిలనుకుని చదవకుండానే తీసేసేను. మొత్తం ఫైనుతో కలిపి నాలుగువేల ఏడొందలు.

ఫైను! తొమ్మిదేళ్ళు ఊరందరికీ వేసినదాన్ని నేను. వాళ్ళ మొహాలెలా ఉండేవో నాకప్పుడు గుర్తుకొచ్చింది. ఇప్పుడు నా మొహం అలాగే ఉండి ఉంటుంది.

"మరి అన్నయ్యగారూ, ఇదంతా ఆ క్రెడిట్ రిపోర్టులో పడుతుందాండీ?"

"పడిపోయే ఉంటుంది చెల్లెమ్మగారూ. మూడు నెలలు కదా. ఎందుకండీ?"

ఉద్యోగం సంగతి చెప్పేను. వెరిఫికేషన్ మనిషి కోసం చూస్తున్నామని చెప్పేను. ఆయన బుర్ర గోక్కుని, "దానికి మనిషి రాడండి. ఫోన్ చేస్తారు. నేను ఈ ఉద్యోగంలో చేరేటప్పుడు నాకూ చేసేరు. పాన్ నంబరడిగి, ఒక ఓటీపీ పంపిస్తారు, అంతే" అన్నారు.

ఫోను తీసి ఆ రికార్డింగు పెట్టేను. డి ఫర్ దొంగ దగ్గర ఆయన నవ్వాపుకున్నారు. వి ఫర్ వెధవ దగ్గర మొహం పక్కకి తిప్పుకున్నారు. 'నేను ఉద్యోగమే చేస్తున్నాను మేడమ్' అన్న దగ్గర మాత్రం నవ్వు పోయింది. "పాపమండి. మాకూ రోజూ ఇలాగే ఉంటుంది" అన్నారు.

మొదట గ్రూపుల్లోంచి తీసెయ్యాలి కదా! కంగారులో డిలీట్ నొక్కేను. అక్కడ రెండుంటాయి చూడండి, 'అందరికీ' అని ఒకటి, 'నాకు మాత్రమే' అని ఒకటి. నేను నాకు మాత్రమే నొక్కేను! రెండు గ్రూపుల్లోనూ! ఇప్పుడది నా ఫోన్లో తప్ప ఊరందరి ఫోన్లలోనూ ఉంది.

కార్తీక్ నంబరు అన్‌బ్లాక్ చేసి ఫోన్ చేసేను. ఎత్తలేదు. మళ్ళీ చేసేను. ఎత్తలేదు. ఎత్తుతాడేంటండీ, నేనైతే ఎత్తుతానా? రాంబాబుగారు జాలిపడి "నా ఫోన్లోంచి చెయ్యండి" అన్నారు. ఒక్క రింగుకే ఎత్తేడు.

"బాబూ, కట్ చెయ్యకండి! నేను సునీతనండి. ఇందాక... ఆ కేడీ..."

"మేడమ్, మీరు ఈ నంబర్ నుంచి చేస్తున్నారేంటి? నా ఫోన్లో దీని పేరు లోన్ రికవరీ ఏజెంట్ అని చూపిస్తోంది" అన్నాడు.

అప్పుల గురించి ఎంక్వైరీ చేసే అబ్బాయికి రికవరీ ఏజెంటు ఫోన్లోంచి చేసేనండీ నేను! ఇంతకంటే మంచి క్రెడిట్ రిపోర్టు ఇంకేం కావాలి?

ఇక దాచడానికేం మిగల్లేదు. ఉన్నదున్నట్టు చెప్పేసేను. లేడీ పోలీసు, పెసరట్టు, పన్నెండు వాయిదాలు, అన్నీ. తప్పైపోయిందన్నాను. వయసులో చిన్నవాడే అయినా నాలుగుసార్లు 'క్షమించండి బాబూ' అన్నాను. కాసేపటికి అటునుంచి చిన్న నవ్వు వినపడింది. "పర్లేదు మేడమ్. నేను సిస్టమ్‌లో డి ఫర్ ఢిల్లీ అనే రాసుకున్నాను. ఈసారి కరెక్ట్ నంబర్ చెప్పండి" అన్నాడు. నా పాన్‌కార్డు ఎదురుగా పెట్టుకుని ఒక్కో అక్షరం, బడిపిల్లలా చెప్పేను. ఓటీపీ కూడా చెప్పేను. చెప్తుంటే నా నోటికది ఎంత కొత్తగా ఉందో!

రిపోర్టు రాకుండా ఆగదు కదండీ. రెండు వాయిదాలు తప్పేయని, మూడు నెలలయిందని, కార్తీక్ ముందు ఎర్ర అక్షరాల్లో వచ్చేసింది. డబ్బు వెంటనే కట్టేసి రసీదు జత చేస్తే మంచిదన్నారు ఫోన్లో కార్తీకూ, ఇక్కడ రాంబాబుగారూ. మా ఆయనకి ఫోన్ చేసేను. వాషింగ్ మెషీనన్నాను. "పాడయిందా?" అన్నారు. "మెషీన్ బాగానే ఉందండి, నేనే పాడయ్యేను" అన్నాను. ఆయన ఇంకేమీ అనకుండా, ఎవరి దగ్గర తీసుకున్నారో ఏమో, పావుగంటలో డబ్బు వేసేరు. రాంబాబుగారు అక్కడికక్కడే రసీదిచ్చేరు.

రసీదు చేతికిస్తూ ఒక మాటన్నారాయన. "పదకొండేళ్ళుగా ఇదే పని చెల్లెమ్మగారూ. తలుపులు మొహమ్మీదే వేసినవాళ్ళున్నారు, కుక్కని వదిలినవాళ్ళున్నారు. టిఫిన్ పెట్టినవాళ్ళు మీరేనండి. నేను చూసినంతలో అప్పు కట్టనివాళ్ళలో దొంగలు తక్కువండి. మర్చిపోయినవాళ్ళూ, పని పోయినవాళ్ళే ఎక్కువ. మీ మేడమ్‌గారికి అదే చెప్పండి."

సరిగ్గా అప్పుడే అత్తయ్యగారు రొప్పుకుంటూ బొండాల సంచితో వచ్చేరు. సంచి ఆయన బండికి తగిలించి, "ఏం బాబూ, మా కోడలికి ఉద్యోగం వస్తుందా?" అనడిగేరు.

రాంబాబుగారు నా వైపు చూసేరు. నేను నేల చూసేను. "తప్పకుండా వస్తుందండి" అని బండి స్టార్ట్ చేసేరు.

తర్వాత ఆరు రోజులు నాకు ముద్ద దిగలేదు. ఆ రికార్డింగేమో ఊళ్ళమ్మట బయల్దేరింది. రాజోలు నించి మా వదిన పంపింది, నాకే! 'కోనసీమ మహిళ దెబ్బకి సైబర్ దొంగ పరుగో పరుగు' అని పైన ఎవరో రాసేరు. పాపం ఆ అబ్బాయి ఎక్కడికీ పరిగెత్తలేదు, అక్కడే కూర్చుని నా రిపోర్టు రాసుకుంటున్నాడు. కువైట్ నించి మా పిన్నిగారమ్మాయి కూడా విని, "అక్కా, అది నీ గొంతే కదా! ఇంతకీ ఎప్పుడొస్తున్నావు?" అంది. నేను మా పాపని కూర్చోబెట్టి, వేసిన జడే విప్పి మళ్ళీ వేసేను.

ఏడో రోజు అమలాపురం రమ్మని పిలుపు. మేనేజరు మేడమ్ ముందు నా రిపోర్టుంది, పక్కన రసీదుంది, ఆ రికార్డింగు చేరిన ఫోనూ ఉంది.

"తొమ్మిదేళ్ళు ఫీజులు చూసిన మనిషి, సొంత వాయిదా మర్చిపోయేరేంటండీ?"

రాత్రంతా తయారు చేసుకున్న జవాబులన్నీ ఎగిరిపోయేయి. "వేరేవాళ్ళ గడువులే గుర్తుండేవండి. నాకూ ఉంటాయనుకోలేదండి" అన్నాను. రాంబాబుగారు చెప్పమన్న మాట కూడా చెప్పేను, ఆయన చెప్పేరనే చెప్పేను.

మేడమ్ కళ్ళద్దాలు దించేరు. "రికవరీ ఆయన మీకు సిఫార్సా! ఇంతవరకూ చూళ్ళేదు" అని, కాగితం తిప్పేరు. "మా వెరిఫికేషన్ అబ్బాయి చివర్న ఒక వాక్యం రాసేడండి. చదువుతాను. 'ఇరవైమూడు నిమిషాలు అడిగినా క్యాండిడేట్ ఓటీపీ చెప్పలేదు.' క్యాష్ కౌంటర్ దగ్గర నాక్కావల్సింది ఇలాంటివాళ్ళేనండి. సోమవారం వచ్చి చేరండి. కానీ ఒక షరతు. ఆ రికార్డింగు ఎక్కడెక్కడ పెట్టేరో అక్కడల్లా, ఆయన దొంగ కాదని, తప్పు మీదేనని చెప్పాలి. మీ గొంతుతోనే."

చెప్పకేం చేస్తాను! ఇంటికొచ్చి రెండు గ్రూపుల్లోనూ నాలుగు నిమిషాల క్షమాపణ రికార్డు చేసి పెట్టేను. 'కార్తీక్‌గారు మర్యాదస్తులు, తొందరపాటు నాది' అని మొదలెట్టి అన్నీ చెప్పేను. తిట్లు ఊళ్ళకి ఊళ్ళు తిరిగేయి కదా, ఈ క్షమాపణ మా వీధి మలుపు దాటితే ఒట్టు! ఇద్దరు మాత్రం విన్నారు. అందులో ఒకరు హెడ్మాస్టరుగారు. ఆయన తన 'శభాషమ్మా'ని వెనక్కి తీసేసుకున్నారు, అందరికీ డిలీట్ కొట్టి. ఆయనకి మాత్రం సరిగ్గా నొక్కడం వచ్చు.

సోమవారం చేరేను. మూడు వారాలయింది. క్యాషు పైసా తేడా రావట్లేదు.

చిక్కొక్కటే మిగిలింది. మా అత్తయ్యగారు వచ్చినవాళ్ళందరికీ చెప్తున్నారు, ఆ రోజు బండి మీదొచ్చిన వెరిఫికేషన్ ఆఫీసరుగారికి తను మూడుసార్లు నా గురించి చెప్పబట్టే ఈ ఉద్యోగం వచ్చిందని. "పెసరట్టు నువ్వు వేసేవు గానీ పని జరిగింది నా మాట మీదేనే" అంటారు. ఆవిడకి నిజం చెబుదామని రెండుసార్లు నోరు తెరిచేను. చెప్పాలంటే ఆయనెవరో చెప్పాలి, ఎందుకొచ్చేరో చెప్పాలి, ఆ మెషీన్ ఆయన ముందు తిప్పి మరీ చూపించేనని చెప్పాలి.

"ఆయ్, అవునండి అత్తయ్యగారూ, అంతా మీ చలవే" అనేసి బస్సుకి వెళ్ళిపోతున్నాను.